తెల్ల కాగితం కోసం శ్రీకాకుళం

విజయనగరంలో బస్సెక్కి ఉంటే నేరుగా శ్రీకాకుళం కాంప్లెక్సులో దిగేవాణ్ణి. రైలు మీది మోజుతో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగినందుకు, పేరులో తప్ప పట్నంతో పొత్తు లేని ఆ ఆమదాలవలస నుంచి ఊరు చేరడానికి ఆటోకు 300 రూపాయలు సమర్పించుకున్నాను. ఆ చిరాకుతోనే మిత్రుడి పనిగదిలో అడుగుపెట్టాను. సిరా లేని ముద్రణ చూపిస్తానని పిలిచిన ఆ పెద్దమనిషి, బల్ల మీద నాలుగు కాగితాలు పరిచి నా ముఖం వైపు చూస్తూ నిలబడ్డాడు. ట్యూబులైటు వెలుగులో వాటి మీద నాకేమీ కనిపించలేదు. బయటికి మాత్రం "బాగున్నాయి" అన్నాను.

ఆయన నవ్వి, లైటు ఆర్పి, కిటికీ రెక్క ఒకటి ఓరగా తెరిచాడు. ఏటవాలుగా పడిన ఎండకు చుక్కలు పొక్కుల్లా పైకి తేలాయి. ప్రతి చుక్కకూ ఒక పక్క వెలుగు, రెండో పక్క గోటి అంచంత నీడ.

జింకు రేకులో గుంటలు తొలిచి, రంగేమీ పూయకుండా, నానబెట్టి తడి అద్దిన మందపాటి నూలు కాగితాన్ని దాని మీద పరిచి, పైన ఉన్ని గుడ్డ కప్పి ప్రెస్సు రోలరు కిందకు తోస్తారట. తడికి మెత్తబడిన కాగితం గుంటల్లోకి దిగి, ఆరాక ఆ ఆకారంలోనే బిగిసిపోతుంది. మళ్లీ తడిస్తే మాత్రం చుక్కలు అణిగిపోతాయని హెచ్చరించాడు.

నాలుగు కాగితాల్లో వరుసగా 1, 7, 19, 37 చుక్కలున్నాయి. నడిమి చుక్క చుట్టూ 6, వాటి చుట్టూ 12, ఆపైన 18 చేరుతూ ప్రతిసారీ ఆరు పలకల ఆకారమే వస్తుంది. నాలుగింటినీ కూడితే 64, అంటే 4 ఘనం. కాగితం మీద లెక్క వేసి చూసుకుంటే గాని నమ్మలేదు.

మర్నాడు అరసవల్లి దర్శనమైంది. దాని గురించి రాసేవారు చాలామందే ఉన్నారు. తిరుగు ప్రయాణంలో బుద్ధిగా బస్సే ఎక్కాను. మిత్రుడిచ్చిన 37 చుక్కల కాగితం రెండు అట్టల మధ్య ఒళ్లో ఉంది. అదేమిటని కండక్టరు అడిగితే తీసి చూపించాను. తెల్ల కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, టిక్కెట్టు చింపి ముందుకు వెళ్లిపోయాడు. రణస్థలం దాటాక కుడివైపు కిటికీలోంచి సాయంత్రపు ఎండ దాని మీద పడింది. పక్క సీట్లో జీడిపప్పు సంచీతో కూర్చున్న ముసలమ్మ అటు వంగి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది.

"ఏడు చుక్కలు, నాలుగు దాకా, సందు చుక్కలే గదా! ఏటి బాబూ, చుక్కలెట్టి ఒగ్గీసినారు, గీతలు కలపనేదా?"