ల్యాబ్ టెక్నీషియన్‌కి కంప్యూటర్ ఎంత రావాల? నా అనుభవం

నేను డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసి నెల్లూరు పొగతోటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో చేస్తున్నా. మొన్నటిదాకా మాకు రిజిస్టరే, మిషన్ ఇచ్చిన స్లిప్పు చూసి రాసుకోవడం, కౌంటర్లో పాప దాన్ని వర్డ్‌లో టైప్ చేయడం, డాక్టర్ గారి సంతకం, అంతే. ఉన్నట్టుండి మా సార్ ఎల్ఐఎస్, అంటే మిషన్ల నుంచి రిజల్ట్స్ నేరుగా తీసుకుని రిపోర్ట్ చేసే ల్యాబ్ సాఫ్ట్‌వేర్, పెట్టిస్తున్నా అన్నాడు. మా సీనియర్ అన్న అయితే "ఈ వయసులో నాకీ తలనొప్పి ఏందబ్బా" అని మొదలుపెట్టాడు.

అందరూ చెప్పారని ఎంఎస్ ఆఫీస్ కోర్సులో చేరా. అందులో సగం పవర్‌పాయింటే, ల్యాబ్‌లో అది ఎవరికి కావాలో నాకైతే తెలీదు. ఎక్సెల్ మాత్రం బాగా పనికొచ్చింది. మిషన్ సరిగ్గా చూపిస్తుందా అని రోజూ వేసే కంట్రోల్ (ముందే విలువ తెలిసిన శాంపిల్) వాల్యూస్ ఒక కాలమ్‌లో కొట్టి, మీన్ (సగటు), ఎస్‌డీ (సగటు నుంచి మామూలుగా ఉండే తేడా) తీసి, ఎల్‌జే చార్ట్, అంటే వాటి రోజువారీ గ్రాఫ్, గీయడం వచ్చేసింది. పుస్తకంలో రాసుకునేటప్పుడు 2ఎస్‌డీ లోపల ఉందా లేదా అని మాత్రమే చూసేవాళ్ళం. గ్రాఫ్ వేస్తే గ్లూకోజ్ కంట్రోల్ లిమిట్ దాటకుండానే రోజూ మీన్‌కి పైనే పడతా ఉంది. కంట్రోల్స్ చూసేదానికి ఉండే వెస్ట్‌గార్డ్ రూల్స్‌లో వరసగా 10 ఒకే పక్కన పడితే చూడమనేది ఇందుకే, క్యాలిబ్రేషన్ చేస్తే (మిషన్ కొలతని సరిచేస్తే) దారికొచ్చింది.

అసలు పని ఇంటర్‌ఫేసింగ్ రోజు, అంటే మిషన్లని కంప్యూటర్‌కి కలిపే రోజు, మొదలైంది. చెన్నై నుంచి వచ్చిన ఇంజినీర్ కేబుల్ పెట్టి గబగబా ఏదో కొట్టేస్తున్నాడు, నేను పక్కనే కుర్చీ వేసుకుని ఇదేంది అదేంది అని అడగతా నోట్ చేసుకున్నా. మా బయోకెమిస్ట్రీ ఎనలైజర్‌ది ఆర్ఎస్-232 (పాత రకం సీరియల్) కేబుల్, బాడ్ రేట్ (డేటా పంపే వేగం) 9600, రెండు పక్కలా అదే పెట్టాల. కొత్త కంప్యూటర్లకి ఆ పోర్టు ఉండదు కాబట్టి యూఎస్‌బీ కన్వర్టర్. ఊడ్చే ఆమె ఆ కన్వర్టర్ పీకి ఇంకో యూఎస్‌బీ పోర్టులో పెడితే కామ్ పోర్ట్ నంబర్ (కంప్యూటర్ ఆ కేబుల్‌కి ఇచ్చే నంబర్) మారిపోయి రిజల్ట్స్ ఆగిపోతాయి, డివైస్ మేనేజర్‌లో చూసి మార్చుకుంటే రెండు నిమిషాల పని, తెలీకపోతే ఇంజినీర్ వచ్చేదాకా మళ్ళీ చేత్తో రాతే.

తర్వాత యూనిట్లు. సెల్ కౌంటర్ (రక్తకణాలు లెక్కపెట్టే మిషన్) డబ్ల్యూబీసీ, అంటే తెల్ల రక్తకణాలు, వేలల్లో 7.2 అని పంపిస్తుంది, మన డాక్టర్లకి 7200 కావాల. ప్లేట్‌లెట్స్ కూడా వేలల్లో 150 అని వస్తుంది, రిపోర్టులో 1.5 లక్షలు పడాల. అంటే ఒకదాన్ని వెయ్యితో గుణించాల, ఇంకోదాన్ని వందతో భాగించాల. సాఫ్ట్‌వేర్ అబ్బాయికి ఇది తెలిసే దారే లేదు, చెప్పాల్సింది మనమే. బార్‌కోడ్ కూడా అంతే, ట్యూబ్‌కి నిలువుగా తిన్నగా అంటించాల, ఉంగరం లాగా చుట్టేస్తే స్కానర్ చదవదు. ఖాళీ ట్యూబులకి ముందే అంటించి పెట్టుకోవడం మాత్రం వద్దు, పేషెంట్ పేరు అడిగి రక్తం తీశాక అక్కడే అంటించాల.

డెంగీ సీజన్లో ఒకామెకి ప్లేట్‌లెట్స్ 28 వేలు అని స్క్రీన్ మీద ఎర్రగా వచ్చింది. మనిషి చూస్తే నిక్షేపంగా ఉంది, ఒంటి మీద మచ్చ లేదు. మిషన్ దగ్గరికి పోయి చూస్తే అక్కడ క్లంప్ ఫ్లాగ్ (ప్లేట్‌లెట్స్ గుంపు కట్టాయేమో చూడమనే హెచ్చరిక) ఉంది, కంప్యూటర్‌లోకి నంబర్ వచ్చింది గానీ ఫ్లాగ్ రాలా! స్మియర్‌లో (గాజు పలక మీద రక్తం పూసి మైక్రోస్కోప్‌లో చూస్తే) ప్లేట్‌లెట్స్ గుంపులు గుంపులుగా ఉండాయి, రక్తం గడ్డ కట్టకుండా ట్యూబ్‌లో ఉండే ఈడీటీఏ వల్ల కొందరికి అట్ట అవుతుంది. ఈడీటీఏ బదులు సిట్రేట్ ఉండే ట్యూబ్‌లో మళ్ళీ తీసి, ఆ ద్రవంతో రక్తం కొంచెం పలచబడుతుంది కాబట్టి వచ్చినదాన్ని 1.1తో గుణిస్తే లక్షన్నర పైమాటే.

ఆ రోజే ఇంజినీర్‌కి ఫోన్ చేసి ఫ్లాగులు కూడా మ్యాప్ చేయించా. అందరం ఒకే పాస్‌వర్డ్ వాడేది మాన్పించి ఎవరి లాగిన్ వాళ్ళకి ఇప్పించా, దానికి సార్ కొంచెం గొణిగాడనుకోండి. ఇప్పుడు ఫ్లాగ్ ఉంటే రిపోర్ట్ ఆగుద్ది, స్మియర్ చూసినోళ్ళు తమ లాగిన్‌తో అప్రూవ్ చేస్తేనే ప్రింటు. మా అన్న కూడా రెండు వేళ్ళతో టకటకా కొడతా అప్రూవ్ చేస్తున్నాడు.