మణికట్టులో ప్లేటు వేశాక: నా అనుభవం

మణికట్టు ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్లేవారి చేతిలో ఆసుపత్రి వాళ్లు పెట్టే కాగితంలో మందుల పేర్లు, కుట్లు తీసే తేదీ ఉంటాయి గాని, అన్నం ఎప్పటికి కలుపుకోగలమో, చీర ఎప్పటికి సొంతంగా కట్టుకోగలమో ఉండదు. ఆ లోటు కొంతైనా తీరుతుందని ఇది రాస్తున్నాను. నాకు యాభై దాటాయి. వానకు నాచు పట్టిన పెరటి గట్టు మీద జారి, పడబోతూ కుడి అరచేయి ఆనించాను. ముంజేతిలో బొటనవేలి వైపున ఉండే రేడియస్ ఎముక మణికట్టుకు కాస్త పైన విరిగి, విరిగిన ముక్క వెనక్కి వంగింది. ఎక్స్‌రేలు ఇంకా లేని 1814లోనే ఐర్లండు వైద్యుడు అబ్రహాం కోలిస్ ఈ విరుపును వర్ణించాడట. అందుకే డాక్టర్లు దీన్ని నేటికీ కోలిస్ ఫ్రాక్చర్ అంటారు.

చుట్టాల్లో సగం మంది పుత్తూరు కట్టు కట్టించమన్నారు. ముక్కలు కదలకుండా సరైన చోట నిలిచే విరుపులు చాలావరకు సిమెంటు కట్టుతోనే అతుకుతాయని మా డాక్టరు కూడా ఒప్పుకున్నారు. అయితే నా విరుపు కీలులోకి పాకిందనీ, అక్కడ ఎగుడుదిగుడుగా అతికితే ముందు ముందు కీలు అరుగుతుందనీ ఎక్స్‌రే పెట్టి చూపించాక ఆపరేషన్‌కే సిద్ధపడ్డాను.

ఆపరేషన్ గురించి చెప్పుకోవలసింది తక్కువే. మత్తు చేతి వరకే ఇచ్చారు. అరచేతి వైపు నుంచి కోసి, టైటానియం ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. అసలు సంగతి ఆ రాత్రిది. మత్తు ఉన్నంతసేపూ చేయి మనది కాదన్నట్టు ఉంటుంది, నొప్పి అసలే తెలియదు. అది దిగేటప్పుడు మాత్రం ఒక్కసారిగా తెలుస్తుంది. వేళ్లలో చిమచిమ మొదలవగానే మాత్ర వేసుకోవాలని, నొప్పి ముదిరేదాకా ఆగవద్దని నర్సమ్మ ముందే చెప్పింది కాబట్టి ఆ రాత్రి గట్టెక్కింది.

మొదటి వారమంతా చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచడం, వేళ్లు కదపడం, ఈ రెండే పని. రెండు దిండ్ల మీద చేయి పెట్టుకుని పడుకునేదాన్ని. కిందికి వేలాడేస్తే చాలు, వేళ్లు ఉబ్బి బిగుసుకుపోయేవి. గాజులు, ఉంగరాలు పడిన రోజే తీయించడం ఎంత మంచిదో అప్పుడు తెలిసింది. "అమ్మా, ఎముక సంగతి ప్లేటు చూసుకుంటుంది, వేళ్ల సంగతి మీరు చూసుకోండి" అన్నారు డాక్టరు. పిడికిలి బిగించి విప్పడం, బొటనవేలితో ఒక్కో వేలి కొసనూ తాకడం, దానితోపాటు మోచేయి, భుజం కదపడం మెలకువగా ఉన్నంతసేపూ చేస్తూ ఉండాలి. కట్టు బిగుతైనా, వేళ్లు నీలంగా లేదా తెల్లగా మారినా, బొటన, చూపుడు, మధ్య వేళ్లకు స్పర్శ తగ్గుతూ పోయినా, మాత్ర వేసుకున్నా నొప్పి పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజుల మధ్య తీస్తారు. ఆపరేషన్ తర్వాత చేతికి ఒక పక్కనే వేసిన సిమెంటు పట్టీ (స్లాబు) విప్పాక కనిపించిన చేతిని చూసి మా అమ్మాయి మొహం తిప్పుకుంది. చిక్కిపోయి, చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. అది మామూలే. గాయం పూర్తిగా మూసుకున్నాక కొబ్బరినూనెతో మచ్చను మెల్లగా మర్దన చేయమన్నారు. మణికట్టుకు ఆసరాగా ఉండే, తీసి పెట్టుకునే పట్టీ (స్ప్లింటు) ఇచ్చి, ఫిజియోథెరపీకి పంపారు.

మణికట్టు పైకీ కిందికీ వంగడం కొంత త్వరగానే దారికి వచ్చింది. నన్ను విసిగించింది అరచేతిని వెల్లకిలా తిప్పడం. మోచేతిని పక్కటెముకలకు ఆనించి, అప్పడాల కర్ర నిలువుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పమనేవారు. భుజం దొంగతనంగా సాయానికి వస్తే ఫిజియోథెరపిస్టు వెంటనే పట్టేసేది. మన జీవితంలో అరచేయి వెల్లకిలా పెట్టే పనులెన్నో అప్పుడు లెక్కకు వచ్చాయి. గుడిలో పూజారి తీర్థం పోస్తుంటే అరచేయి సగమే తిరిగి, నీళ్లు చిటికెనవేలి వైపు నుంచి కారి ముంజేతి మీదుగా మోచేతి దాకా పోయాయి. ఆయన ఉద్ధరిణి ఎత్తి పట్టుకుని, ఎడమ చేయి కింద పెట్టుకోమని సైగ చేసి మళ్లీ పోశారు.

అన్నం కలపడం అనుకున్నంత ఆలస్యం కాలేదు, ఎందుకంటే అది మణికట్టు కన్నా వేళ్ల పని. పెరుగన్నం ముందు, పప్పన్నం తర్వాత. గట్టి ముద్దపప్పు కొన్నాళ్లు ఆగింది. చీర కుచ్చెళ్లు చాలాకాలం మా కోడలే పెట్టింది. తడిబట్ట పిండడం అన్నిటికన్నా ఆఖరున వచ్చింది. ఎముక అతికిందని 6 వారాల ఎక్స్‌రేలో చూశాకే బరువులెత్తడానికి కొద్దికొద్దిగా అనుమతించారు. అప్పటిదాకా టీ కప్పు కన్నా బరువైనది వద్దన్నారు. మంచం మీద నుంచి లేస్తూ అరచేయి ఆనించే అలవాటును ఆపుకోవడం మాత్రం వ్యాయామాల కన్నా కష్టమైంది. చేతి పట్టు ఏడాది వరకూ మెరుగవుతూనే ఉంటుందట.

మంట పుట్టే నొప్పి, చర్మం నిగనిగలాడటం, చేతికి అకారణంగా చెమట పట్టడం ఉన్నాయా అని ప్రతిసారీ అడిగేవారు. కొందరికి నరాలు అతిగా స్పందించి చేయి బిగుసుకుపోతుందని, తొందరగా పసిగడితే వైద్యం సులభమని చెప్పారు. ఇబ్బంది పెట్టనంతవరకు ప్లేటు తీయనక్కర్లేదు. అయితే బొటనవేలు వంచుతుంటే లోపల రాసుకుంటున్నట్టు అనిపిస్తే, ఎన్నేళ్లు గడిచినా, ప్లేటు అంచు స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి దాన్ని, కోస్తుందేమో చూపించుకోవాలి.

యాభై దాటాక నిలబడిన ఎత్తు నుంచి పడి మణికట్టు విరిగిందంటే ఎముకల సాంద్రత పరీక్ష చేయించడం మంచిదని మా డాక్టరు పట్టుబట్టారు. డెక్సా స్కానులో నా తుంటి, వెన్ను ఎముకలు పలచబడ్డాయని తేలింది. విటమిన్ డి కూడా తక్కువే. చేయి నయమైనా ఆ మందులు ఇంకా వాడుతున్నాను, పెరటి గట్టుకు గరుకు బండలు వేయించాం.