నూనెలో మాయమైన గ్లాసు

సంక్రాంతి సెలవులకి మా అక్క కూతురు అనంతపురం నుంచి బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికొచ్చింది. ఎనిమిదో తరగతి. వాట్సాప్‌లో ఒక వీడియో చూపించింది. ఎవరో దుప్పటి కప్పుకోగానే మనిషి మాయం, వెనకున్న చెట్లు మాత్రం కనిపిస్తున్నాయి. "ఇది నిజమేనా పిన్నీ?" అంది. ఎడిటింగ్ అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు, కానీ ఆ వీడియో అబద్ధమైనా అలా మాయం చేయడం వెనక సైన్సు నిజం, అది చెప్పకుండా వదలబుద్ధి కాలేదు.

వంటింట్లోకి తీసుకెళ్లి పెద్ద గాజు గిన్నెలో సన్‌ఫ్లవర్ నూనె పోశాను, అందులోకి చిన్న బోరోసిలికేట్ గ్లాసు మెల్లగా దించాను. లోపల గాలి ఉన్నంతసేపూ అంచు మెరుస్తూనే ఉంది. నూనె నిండి ఆఖరి బుడగ పైకొచ్చేసరికి గ్లాసు లేదు! దాని మీద అచ్చువేసిన ఎర్ర బొమ్మ ఒక్కటే నూనెలో తేలుతున్నట్టు మిగిలింది. పిల్ల చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది. గాజు మనకి కనిపించేదే దాని అంచు దగ్గర కాంతి వంగి, కొంత వెనక్కి తిరగడం వల్ల. ఈ నూనెకీ ఈ గాజుకీ వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె, దాదాపు ఒకటే, 1.47 దగ్గర, కాబట్టి కాంతికి అక్కడ అంచు ఉన్నట్టే తెలీదు. మామూలు టీ గ్లాసుతో ఇంత బాగా రాదు, దానిది 1.52 దాకా ఉంటుంది.

"మరి నేను నూనెలో కూర్చుంటే?" అంది. మనం గాజు కాదు కదా, మన లోంచి కాంతి పోదు, చుట్టూ తిప్పి పంపాలి. 2006లో లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన జాన్ పెండ్రీ, అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ స్మిత్, డేవిడ్ షురిగ్ దీనికి లెక్క కట్టారు, అదే ఏడాది డ్యూక్‌లో చేసి చూపించారు కూడా. రాగి గీతలు చెక్కిన పలకల్ని వలయాలుగా ఒకదాని చుట్టూ ఒకటి పేర్చి, మధ్యలో రాగి సిలిండర్ పెట్టారు. మైక్రోవేవ్ తరంగాలు దాన్ని చాలావరకు చుట్టి వెళ్లి అవతల కలిశాయి, పూర్తిగా కాదు, నీడ కాస్త మిగిలింది. ఇలాంటివాటిని మెటామెటీరియల్స్ అంటారు, వీటి గుణం పదార్థం కన్నా చెక్కిన ఆకారం నుంచి ఎక్కువగా వస్తుంది. 1898లోనే జగదీశ్ చంద్ర బోస్ ఇలాగే ఆకారాన్ని వాడుకుని, మెలితిప్పిన జనపనారతో మైక్రోవేవ్‌ల ధ్రువణాన్ని, అంటే తరంగం ఊగే దిశని, తిప్పారని తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

మరి దుప్పటి ఎందుకు రాలేదు? సిల్క్ బోర్డ్ జంక్షన్ మీదుగా నేరుగా పోయే బస్సూ, చుట్టూ తిరిగి పోయే బస్సూ ఒకే క్షణానికి చేరాలంటే చుట్టూ తిరిగేది ఎంత స్పీడుగా పోవాలి? ఇక్కడా అంతే, చుట్టి వెళ్లే తరంగపు శిఖరాలు శూన్యంలో కాంతి కన్నా వేగంగా కదలాలి. దాంతో సమాచారం పోదు కాబట్టి ఐన్‌స్టీన్ నియమానికి భంగం లేదు, కానీ అది చాలా ఇరుకైన ఫ్రీక్వెన్సీ పట్టీలోనే కుదురుతుంది. ఒక రంగుకి కుదిర్చితే మిగతా రంగులకి కుదరదు. పైగా డ్యూక్‌లో వాడిన తరంగం పొడవు మూడున్నర సెంటీమీటర్లు, మన కంటికి కనిపించే కాంతిది 400 నుంచి 700 నానోమీటర్లు, గీతలు దానికన్నా సన్నగా చెక్కాలి.

అన్నీ విని, "లోపలున్నవాళ్లకి బయట కనిపిస్తుందా?" అని అడిగింది. కనిపించదు. కాంతంతా చుట్టూ పోతే కంట్లోకి వచ్చేదేముంది? కథల్లో అంజనం పూసుకున్నవాడు అందర్నీ చూస్తుంటాడు గానీ ఇక్కడ లోపలంతా చీకటే.

"చిన్న కన్నం పెట్టుకుంటే?"

"ఆ కన్నం బయటికి కనిపిస్తుంది, నీ కంట్లోకి వచ్చిన కాంతి అవతలికి పోదు కదా."

కాసేపు ఆలోచించి, గ్లాసు పైకి తీసి మళ్లీ నూనెలో ముంచింది.