పది గంటలకు ఫోన్ బల్ల మీద

పరకాలలో చిన్నమ్మ ఇంట్లో పొద్దుటి నుంచి సకినాలే. చుట్టినవి తెల్లబట్ట మీద ఆరుతుంటే వదిన టీవీ పెట్టింది. డాక్యుమెంటరీ. పదహారేళ్ల పిల్ల ఏడాది చదువుకు అమెరికా వెళ్లి, ముక్కూమొహం తెలియని వాళ్లింట్లో ఉంటుంది. రాత్రి పదైతే ఫోన్ తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టమంటుంది ఆ ఇంటామె. పిల్ల ఏడ్చుకుంటూ పెడుతుంది. "కన్నతల్లయితే గట్ల జేస్తదా?" అంది చిన్నమ్మ. నాకూ కోపమొచ్చింది. పన్నెండు దాటినా ఆ బల్ల కళ్ల ముందు నుంచి పోవట్లేదు.

ఎయిర్‌పోర్టు ఏడుపులు రెండుసార్లు చూపించారు. ఆ పిల్ల ఆ ఇంటికి ఎట్లా చేరిందో ఒక్క ముక్క లేదు. జే-1 వీసా, అంటే ఇట్లాంటి ఎక్స్ఛేంజ్ చదువులకిచ్చే వీసా, దాని మీద హైస్కూలుకు వచ్చే పిల్లల్ని పెట్టుకున్నందుకు ఆ కుటుంబానికి పైసా ముట్టదు. పిల్లల్ని తీసుకెళ్లే సంస్థ వాళ్లు ముందు ఆ ఇంటికొచ్చి చూసిపోతారు. ఇంట్లో 18 దాటిన ప్రతి ఒక్కరి మీదా నేరాలేమైనా ఉన్నాయా అని తనిఖీ చేస్తారు. పిల్లకు విడిగా మంచం ఉండాలి, గాలి పరుపో సోఫా కమ్ బెడ్డో పనికిరాదు. గదిలో ఇంకొకరు మాత్రమే ఉండొచ్చు, అదీ ఆడపిల్లే. ఆ సంస్థ తరఫున అక్కడుండే కోఆర్డినేటర్ నెలనెలా పిల్లతో మాట్లాడాలి. పొసగకపోతే ఇల్లు మారుస్తారు కూడా. ఇది తెలియకనే ఇక్కడి అమ్మానాన్నలు "సర్దుకో బిడ్డా" అంటారు. తిండికీ చలికీ సర్దుకోవాలి. భయమేస్తే మాత్రం సర్దుకోవద్దు, ఆ రోజే కోఆర్డినేటర్‌కు చెప్పాలి.

మా గల్లీ పిల్ల ఒకామె పోయేటప్పుడు చిన్నమ్మ సకినాలు సర్దిన తీరు యాదికొస్తోంది. నానిన బియ్యాన్ని తడి మీదే పట్టించి, నువ్వులు, వాము కలిపి చుట్టినవి కదా, వేలు తగిలితే విరుగుతాయి. స్టీలు డబ్బా అడుగున మెత్తటి బట్ట, వరుస వరుసకూ కాగితం, పైన మూత ఒత్తుకునేంత బట్ట. డబ్బాలో సందు మిగిలిందంటే దిగేసరికి పొడే. అక్కడ దిగాక తిండి ఉందని కస్టమ్స్ వాళ్లకు చెప్పాలి, దాస్తేనే జరిమానా. మాంసం పచ్చడి మాత్రం పెట్టొద్దు. ఆ రోజు డబ్బా మూత మీద చేయి పెట్టి చిన్నమ్మ ఎంతసేపు కూర్చుందో!

ఇదంతా రాస్తుంటే టైము సంగతి తట్టింది. న్యూయార్క్ వైపు చలికాలంలో రాత్రి పదంటే మనకు మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర. ఇక్కడ అమ్మ పని తీరి ఫోన్ పట్టుకునే వేళ. అక్కడ పిల్ల పండుకోవాల్సిన వేళ. రోజూ అప్పుడే మాట్లాడితే పిల్ల పొద్దున బడికి లేవదు. ఆ ఇంటామె మీద కోపం పోయింది. పైసా తీసుకోకుండా ఇంకొకరి బిడ్డ నిద్ర గురించి పట్టించుకుంది. ఫోన్ ఎందుకు పెట్టమందో ఒక్క మాట చెప్పించని సినిమా వాళ్ల మీదే ఇప్పుడు నా కోపమంతా.

తిరిగొచ్చాక ఏమవుతుందో కూడా చూపించలేదు. అక్కడి బడి ఆగస్టు ప్రాంతంలో మొదలై మే, జూన్ దాకా నడుస్తుంది. ఇక్కడ ఇంటర్ జూన్‌లోనే మొదలు. ఏడాది పోతుందని ముందే లెక్కేసుకోవాలి. హైస్కూలు పిల్లల్ని ఏడాదికి అమెరికా తీసుకెళ్లే, 2002లో మొదలైన యెస్ స్కాలర్‌షిప్ లాగా అమెరికా ప్రభుత్వ డబ్బుతో పోతే, మళ్లీ రెండేళ్లు ఇక్కడ ఉండేదాకా మామూలుగా హెచ్-1బీ గానీ గ్రీన్ కార్డు గానీ రావు.

వదిన బిడ్డ సినిమా అయ్యేదాకా కదల్లేదు. "నేనూ పోవచ్చా?" అని ఒక్కసారే అడిగింది, ఎవరూ బదులియ్యలేదు. పొద్దున వదినతో మాట్లాడాలి. పంపితే ఫోన్ ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు, అక్కడ పొద్దున పది.