సరస్సు అడుగున ఉంగరాల వేట: మిషిగన్‌లో నా అనుభవం

మిషిగన్‌లో లేబర్ డే, అంటే సెప్టెంబరు మొదటి సోమవారం దాటితే ఈత బీచ్‌లు ఖాళీ అయిపోతాయి. నీళ్లు ఇంకా దిగగలిగేంత వెచ్చగానే ఉంటాయి, వేసవంతా జనం పోగొట్టుకున్నవి అడుగునే ఉంటాయి. నేను మెటల్ డిటెక్టర్ (లోహం దగ్గర పలికే పరికరం) బయటికి తీసేది అప్పుడే.

ముందు అనుమతి సంగతి. స్టేట్ పార్కుల్లో ఎక్కడ పడితే అక్కడ వెతకనివ్వరు, అనుమతి ఉన్న భాగాలకు మ్యాపులు ఉంటాయి. ఊరి బీచ్‌లకు ఎవరి రూల్స్ వాళ్లవి, ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) భూముల్లో 100 ఏళ్లు దాటిన పురావస్తువులను 1979 నాటి చట్టం కాపాడుతుంది, వాటి జోలికి పోకూడదు. ఇండియాకు వెళ్లినప్పుడు మనూరి చెరువులో ప్రయత్నిద్దామనుకునే వాళ్లకు ఒక మాట: 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లోనే ఉంది. భూమిలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలి.

సరస్సంతా తిరగడం దండగ. చన్నీళ్లకు వేళ్లు సన్నబడతాయి, దానికి సన్‌స్క్రీన్ జారుడు తోడైతే ఉంగరం నిలవదు. అందుకే తాడు కట్టిన ఈత ప్రాంతంలో నడుము నుంచి ఛాతీ లోతు దాకా, బంతి ఆడే చోట, పిల్లల్ని ఎత్తి నీళ్లలోకి విసిరే చోట, తేలే తెప్ప నిచ్చెన చుట్టూ వెతుకుతాను. 14 క్యారెట్ బంగారం సాంద్రత 13 దగ్గర, ఇసుకది 2.65. అలలు కదిపిన కొద్దీ ఉంగరం కిందికి దిగి, గట్టి బంకమన్ను తగిలాక ఆగుతుంది. ఆ పొర జానెడు లోపల తగిలే బీచ్ దొరికితే అదృష్టమే. మోకాలి దాకా దిగబడే బురదైతే నేను వెనక్కి వచ్చేస్తాను.

నేను వాడే డిటెక్టర్ మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800, నీళ్లలో మూడు మీటర్ల లోతు వరకు తట్టుకుంటుంది. మంచినీళ్లు కాబట్టి అందులో పార్క్ 1 అనే మోడ్ పెడతాను, సెన్సిటివిటీ (ఎంత చిన్న సిగ్నల్‌నైనా పట్టే గుణం) 18-20. నీళ్లలోకి దిగాక నాయిస్ క్యాన్సిల్ చేసి (చుట్టుపక్కల విద్యుత్ గోల తగ్గించి), కాయిల్‌ను (కర్ర చివర ఉండే గుండ్రటి పళ్లేన్ని) అడుగుకు దగ్గరగా పైకీ కిందికీ ఆడిస్తూ గ్రౌండ్ బ్యాలెన్స్ చేస్తాను, అంటే అడుగు మట్టిలోని ఖనిజాలను పట్టించుకోకుండా సర్దుతాను. హెడ్‌ఫోన్స్ వైరువే కావాలి, అవీ వాటర్‌ప్రూఫ్‌వి. మెషిన్ మునిగితే బ్లూటూత్ సిగ్నల్ నీళ్లు దాటి రాదు.

ఇక అసలు చిక్కు. కింద ఏ లోహం ఉందో అంచనాకు డిటెక్టర్ తెర మీద ఒక అంకె చూపిస్తుంది. అమెరికా నికెల్ (5 సెంట్ల) నాణెం 13 దగ్గర పలుకుతుంది, కూల్‌డ్రింక్, బీరు డబ్బాల పాత మూత రింగులూ ఆ చుట్టుపక్కలే, ఆడవాళ్ల 14 క్యారెట్ ఉంగరాలు చాలావరకు 5 నుంచి 15 లోపే. చెత్త వద్దని ఆ అంకెలను మ్యూట్ చేస్తే బంగారాన్నీ మ్యూట్ చేసినట్టే. మన 22 క్యారెట్ ఉంగరమైతే ఇంకో తిరకాసు. కల్తీ తక్కువ, విద్యుత్తు బాగా ప్రవహిస్తుంది, అదే సైజు 14 క్యారెట్ కంటే అంకె పైకి పోతుంది. జింక్ సెంటు (ఒక సెంటు నాణెం) పలికే 20-21ని వదిలేసేవాళ్లు అలాంటిది చేజార్చుకుంటారు. సన్నటి గొలుసు మరీ మొండిది. డిటెక్టర్‌కు దాని ఒక్కో లింకూ విడిగా కనిపిస్తుంది కాబట్టి చాలాసార్లు కొక్కెం ఒక్కటే పలుకుతుంది.

సిగ్నల్ రాగానే 90 డిగ్రీలు తిరిగి మళ్లీ ఊపి చూస్తాను. రెండు వైపులా పలికితే కాయిల్ నడిమధ్య కింద బొటనవేలు ఆనిస్తాను. పొడుగు కర్ర ఉన్న స్టీలు స్కూప్ (ఇసుకను జల్లించే రంధ్రాల పార) అంచును ఆ గుర్తుకు పది సెంటీమీటర్లు వెనక పెట్టి, పాదంతో నిలువుగా తొక్కి, వెనక్కి వంచి లేపుతాను. దగ్గరగా తొక్కితే ఉంగరం వంగిపోతుంది, రాయి ఊడిపోతుంది. స్కూప్‌ను నీళ్లలోనే జాడించి, అందులో ఏముందో చూసేముందు గుంట మీద మళ్లీ కాయిల్ తిప్పుతాను. ఇంకా పలుకుతుంటే వస్తువు కిందే ఉంది. స్కూప్ రంధ్రాలు 12 మిల్లీమీటర్లవైతే పని త్వరగా సాగుతుంది గానీ కమ్మలు జారిపోతాయి.

దొరికేవాటిలో ఎక్కువ భాగం సీసం గుండ్లు, గాలాలు, తాళంచెవులు, బొమ్మకార్లు. గాలాల వల్లే మందపాటి అడుగున్న నియోప్రీన్ బూట్లు తప్పనిసరి. విడిపోయే పాత మూత రింగులు 1960లు, 70ల నాటివి. అవి గుంపుగా వస్తే విసుక్కోను, ఆ జాగాను ఇంకా ఎవరూ ఊడ్చలేదని అర్థం. 1964 వరకు వచ్చిన డైములు (10 సెంట్లు), క్వార్టర్లు (25 సెంట్లు) 90 శాతం వెండి, బురదలో నల్లబడి వస్తాయి. బంగారం మాత్రం పచ్చగానే వస్తుంది. ఒక్కోసారి అంకె చెక్కిన చిన్న లోహపు బిళ్ల తగులుతుంది. అది దహనశాలవాళ్లు అస్థికలతో పాటు ఉంచే గుర్తింపు బిళ్ల, ఎక్కడిది అక్కడే వదిలేస్తాను.

ఇంటికొచ్చాక ముద్ర చూడాలి: 417 అంటే 10 క్యారెట్, 585 అంటే 14, 750 అంటే 18, 916 అంటే 22. ముద్ర అరిగిపోతే, రాళ్లు లేని ఉంగరానికి ఇలా చేయండి. ముందు ఉంగరాన్ని మామూలుగా తూచండి. తర్వాత 0.01 గ్రాము త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, ఉంగరాన్ని దారంతో అడుగు తాకకుండా ముంచండి. మొదటి తూకాన్ని ఈ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 5.20 గ్రాముల ఉంగరానికి త్రాసు 0.40 చూపిస్తే భాగహారం 13, అంటే దాదాపు 14 క్యారెట్. టంగ్‌స్టన్ కార్బైడ్ ఉంగరం సాంద్రతలో 18 క్యారెట్ బంగారానికి దగ్గరగా వచ్చి మోసం చేస్తుంది, కానీ దాని బూడిద రంగు, గీత పడని గట్టిదనం పట్టిచ్చేస్తాయి.

అమెరికాలో చదువు ముగింపు గుర్తుగా విద్యార్థులు చేయించుకునే స్కూల్ ఉంగరాల మీద బడి పేరు, సంవత్సరం, లోపల పొడి అక్షరాలు ఉంటాయి. ఆ బడికి ఫోన్ చేస్తే యజమానిని వెతకడం తేలికవుతుంది. మరో సరస్సుకు వెళ్లేముందు బూట్లు, స్కూప్ కడిగి ఐదు రోజులు ఆరబెట్టాలి, లేకపోతే జీబ్రా మసెల్ (సరస్సులను పాడుచేసే చిన్న ఆల్చిప్ప జీవి) పిల్లలను మనమే అక్కడికి మోసుకెళ్తాం.