లెక్క అడగలేదురా చిన్నోడా

జూన్ నుంచి ఆగస్టు దాకా కువైట్‌లో పగలు 11 గంటల నుంచి సాయంత్రం 4 దాకా ఎండలో పని చేయించకూడదని రూలు. ఆ ఐదు గంటలూ సైటు పక్కన రేకుల షెడ్డులో కూలరు ముందర పడుకుంటాం. నిద్ర పట్టదు. అప్పుడే అందరి చేతుల్లోకీ ఫోన్లు వస్తాయి. ఇక్కడ 11 అంటే మా ఒంటిమిట్టలో ఒకటిన్నర, ఇంట్లో అన్నాలు తినే వేళ. రాత్రి వండుకొని తిని కూర్చునేసరికి మాకు తొమ్మిదైతే వాళ్లకు పదకొండున్నర. అమ్మ ఎప్పుడో పడుకొని ఉంటుంది. అందుకే తీరిగ్గా మాట్లాడుకునేది శుక్రవారం ఒక్కరోజే. తక్కిన ఆరు రోజులూ రాతే.

అట్లా ఒక మధ్యాహ్నం మా తమ్ముడికి రెండు ముక్కలు కొట్టి పంపినాను. "డబ్బులు ఏం చేసినావు". ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగు. జీతం పంపి అప్పటికి నాలుగు రోజులు. అమ్మ మాత్రలకూ మోటారు రిపేరుకూ పోను ఏమైనా మిగిలుంటే వాడికి చెప్పులు కొనుక్కోమని చెప్పాలని నా ఆలోచన. పాతవి తెగిపోతే గుడ్డపేలిక కట్టుకొని తోటకు పోతున్నాడని మా ఆవిడ చెప్పింది. ఎదురుగా ఉండుంటే భుజం మీద చెయ్యేసి "డబ్బులేం జేసినావురా చిన్నోడా" అనేవాణ్ణి. మాట అదే.

సాయంత్రానికి తొమ్మిది ఫోటోలు వచ్చినాయి. మందులషాపు బిల్లు, మోటారు వైండింగు బిల్లు, ఎరువుల అంగడి బిల్లు, కరెంటు బిల్లు. రసీదు లేని ఖర్చులు తెల్లకాగితం మీద రాసి దాన్నీ ఫోటో తీసినాడు. ఆటో 40, టీ 20. చివర్న ఒక వరుస: "ఇంకేమన్నా లెక్క చెప్పాల్నా అన్నా". దాని కింద రెండు చేతులూ జోడించిన బొమ్మ.

ఆ బొమ్మను 2010లో యూనికోడ్ పట్టికలో, అంటే ఫోన్లన్నీ వాడుకునే అక్షరాల, బొమ్మల జాబితాలో చేర్చినారు. దానికి వాళ్లు పెట్టిన పేరుకు చేతులు జోడించిన మనిషి అని మాత్రమే అర్థం. ఎందుకు జోడించినాడో ఆ పేరులో లేదు. మా ఊళ్లో చేతులు జోడించడం రెండు రకాలు. కోదండరాముడి ఎదురుగా నిలబడి జోడించేది ఒకటి. "నీకో దండం సామీ, నన్నొదిలిపెట్టు" అని జోడించేది ఇంకొకటి. నేను రెండోదే చదువుకున్నాను. నాకూ రోషం వచ్చింది. పదహారు రోజులు అన్నదమ్ములం మాట్లాడుకోలేదు. ఆ షెడ్డులో పడుకొని రేకుల కేసి చూస్తూ, ఎవరికోసం ఈ ఎండలో పడుండాను అని కూడా అనుకున్నాను.

చివరికి అమ్మ చెప్పి చెప్పి, ఒక శుక్రవారం వాడే ఫోన్ చేసినాడు. "నువ్వు మీ కంపెనీలో కూలోళ్లను అడిగినట్టు అడిగినావన్నా" అన్నాడు.

నేను టైమ్‌కీపర్ని. పొద్దున్నుంచీ ఫోర్‌మన్లకు నేను పంపేవన్నీ అవే. ఎంతమంది వచ్చినారు? ఎన్ని గంటలు? ఎందుకు తక్కువ? పేరు పెట్టి పిలవను, బాగుండావా అని అడగను. అడిగితే పని సాగదు, వాళ్లూ తప్పు పట్టరు. ఆ రాత చేతికి అలవాటై, అదే ఫోనులో, అదే వేళ్లతో ఇంటికి పోయింది. వాడు చెప్పేదాకా నాకది కనపడలేదు.

మా కడప మాటకు ప్రాణమంతా తోకల్లో ఉంటుంది. సరేప్పా, సరేలే, సరేమే, సరే నాయనా. ఒక్కోదానికి ఒక్కో మనసు. "సరేలే"లో కూడా ఆ "లే"ని సాగదీస్తే ఓదార్పు, కత్తిరిస్తే అలక. ఫోనులో కొట్టేటప్పుడు అందరం తోకలు తీసేస్తాం. ఉత్త "సరే" మిగులుతుంది. దానిమీద ఎవరి బాధను బట్టి వాళ్లు అర్థం రాసుకుంటారు. ఇంగ్లిషు అక్షరాలైతే మాటే మారిపోతుంది. మా గదిలో సిద్ధవటం పిల్లోడికి వాళ్లమ్మ నొప్పి అని రాయించి పంపింది. కె, ఎ, ఎల్, ఎల్, యు. కళ్లా, కాళ్లా? వాడు కళ్లనుకొని కంటి డాక్టరు దగ్గరికి పొమ్మని డబ్బు పంపినాడు. ఆమెకు నొప్పి మోకాళ్లలో.

మా నాయన కూడా ఇక్కడే పనిచేసినాడు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి పడితే అందరితోపాటు ఇల్లు చేరినాడు. ఆయన జాబులు ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉన్నాయి. అన్నీ ఒకే తీరు: "ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను." ఆ తర్వాతే అప్పూ, వడ్డీ, ఎద్దులూ. చిన్నప్పుడు అవి నాకు ఒకే పాఠం మళ్లీ మళ్లీ చదివినట్టు ఉండేవి. ఇప్పుడు తెలుస్తాండాది, ఆ మొదటి వరుస చదివినాక కింద ఎంత కష్టం రాసినా వినేవాళ్ల గుండె తట్టుకుంటుంది. పైగా మా అవ్వకు చదువు రాదు. అయ్యవారు వచ్చి చదివేవాడు, రాతలో లేని మెత్తదనం ఆయన గొంతు కలిపేది. కొన్నాళ్లకు ఊరికి పోయేవాళ్ల చేత టేపురికార్డరు క్యాసెట్లు పంపడం మొదలైంది. నాయన క్యాసెట్టు పెడితే అవ్వ దాని పక్కనే పీట వేసుకొని కూర్చునేదంట.

2005లో అమెరికాలో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు తమ జట్టుతో, రాతలో మన గొంతు అవతలివాళ్లకు తెలుస్తుందా అని పరీక్ష పెట్టి చూసినారు. కొన్ని వాక్యాలు నిజంగా అన్నట్టు, కొన్ని ఎగతాళిగా అన్నట్టు ఈమెయిల్లో పంపించినారు. పంపినవాళ్లు తమ ఉద్దేశం తెలిసిపోతుందని గట్టిగా నమ్మినారు. చదివినవాళ్లు చెప్పింది బొమ్మా బొరుసూ వేసి చెప్పినదానికంటే పెద్ద మెరుగు కాదు. గొంతు వినిపిస్తే చాలావరకు సరిగ్గా పట్టుకున్నారు. రాసేవాడి చెవిలో తన గొంతు మోగుతా ఉంటుంది, చదివేవాడికి అది వినపడదు. ఇది చదివినాక తమ్ముడి మీద రోషం పూర్తిగా పోయింది.

ఇప్పుడు తెలుగు అక్షరాల్లోనే కొడతాను. ముందు "చిన్నోడా" అని పెట్టి, తర్వాతే అడగాల్సింది అడుగుతాను. కొత్తగా వచ్చే పిల్లలకు ఒకటే చెప్తాను: "అర్జెంటుగా ఫోన్ చెయ్" అని ఉత్తగా రాయొద్దండప్పా. మీకది రీఛార్జి సంగతి కావచ్చు. ఇంటికాడ మీ నాయన దాన్ని చూసి, మీరు ఫోన్ ఎత్తేదాకా నిలబడినచోటే నిలబడిపోతాడు. "నేను బాగుండా" అని మొదట రాయండి.

ఆ చేతుల బొమ్మ గురించి కూడా తమ్ముణ్ణి అడిగినాను. రెండిట్లో ఏదిరా అది? కాసేపు మాట్లాడలేదు. "రెండూనన్నా" అన్నాడు.

వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపే వీలు 2013 నుంచీ ఉంది. అమ్మ నేర్చుకున్నది మాత్రం పోయిన ఏడు. నిన్న పంపింది రెండు నిమిషాల పైన ఉండాది. సంగటి తిన్నామని, వాన పడలేదని, తమ్ముడు కొత్త చెప్పులు ఇంట్లో దాచి పాతవే వేసుకొని పోతాండాడని. తర్వాత మాటలు అయిపోయినాయి. కోళ్లు, పక్కింటి టీవీ, రోడ్డు మీద బస్సు హారన్. ఆ తర్వాత దగ్గర్నుంచి అమ్మ ఊపిరి, కోడలితో అంటున్న మాట:

"ఓమ్మే, దీన్ని ఆపేదెట్లమ్మే? వాడింకా వింటాండాడేమో."