చామంతి మెడ నిలబడిన వారం

మన పాత విద్యార్థుల సభకు వేసే సంచిక కమిటీ నుంచి ఫోన్ వస్తే, బడిలో మనం కమీషనర్ అని పిలిచినవాడి గొంతు వినగానే పోల్చుకున్నాను. ఇక్కడ అందరికీ ఆనాటి మారుపేర్లే వాడుతున్నాను. రెండు పేజీలు కావాలట, నెలాఖరులోగా అందాలట. పదో తరగతిలో హాజరు పట్టీ చేత పట్టుకుని తిరిగినప్పటి అధికారం ఆ గొంతులో చెక్కుచెదరలేదు. జామచెట్టు గురించి బఠాణీ రాస్తోందని చెప్పాడు. వార్షికోత్సవం నాటకం, వేదిక మీద ఊడిన మీసం రేడియో వంతు. గొడుగు సారు గురించి ముగ్గురు రాస్తున్నారు, ఆయనకు ముగ్గురైనా చాలరు. బయాలజీ టీచర్‌ను మాత్రం ఎవరికీ ఇవ్వవద్దని నేనే అడిగి తీసుకున్నాను.

ఆరో తరగతి నుంచి తొమ్మిది వరకు జరిగినవన్నీ మిగతావాళ్ళు రాయాలి. నాది ఒక్క వారం. పబ్లిక్ పరీక్షల ముందు, సాయంత్రాలు స్టడీ అవర్లు నడుస్తున్న మార్చి నెల. మన సెక్షన్‌లో చాలామందికి అది ఇప్పటికీ బాతు వారమే.

బాగ్‌లింగంపల్లిలో మా ఇల్లు, వెనక పెరడు, ఆ పెరట్లో బాతులు మీ అందరికీ తెలిసినవే. చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్ నుంచి మామయ్య బుట్టలో పెట్టి తెచ్చినప్పుడు రెండూ పిడికెడంత పిల్లలు. తెల్లది మల్లి, గోధుమరంగుది చామంతి. కోడిపిల్లల దాణా ఒక్కటే పెడితే బాతుపిల్లల కాళ్ళు వంకరపోతాయని, వాటికి నయాసిన్ అనే విటమిన్ కోడిపిల్లలకు కావలసినదానికి దాదాపు రెట్టింపు కావాలని టీచర్ అప్పుడే హెచ్చరించారు. దాణాతోపాటు బఠాణీలు, వేరుశనగపప్పు నలిపి పెట్టమన్నారు. రోజూ గౌను జేబుల నిండా పచ్చి బఠాణీలు మోసుకొచ్చింది ఎవరో చెప్పనక్కరలేదు.

ఆ రోజు ఉదయం గూడు తలుపు తీస్తే మల్లి ఒక్కటే బయటకు వచ్చింది. చామంతి లోపల బోర్లా పడి ఉంది. కాళ్ళు రెండూ వెనక్కి చాపి ఉన్నాయి, రెక్కలు నేలమీద పరుచుకున్నాయి. ముందురోజు సాయంత్రం పెరడంతా తిరిగిన బాతు అది. చేతుల్లోకి తీసుకుంటే మెడ మోచేతి మీదుగా జారి వేలాడింది. కంటికి అడ్డంగా వచ్చే ఆ పలుచని లోపలి రెప్ప సగంలో ఆగిపోయింది, మూసుకోదు, తెరుచుకోదు. ఆ రెప్ప వెనక కన్ను మాత్రం నా చెయ్యి ఎటు కదిలితే అటు తిరుగుతూనే ఉంది.

అమ్మ ఒళ్ళు ముట్టుకుని జ్వరం కాలిపోతోందంది. మాత్ర అరగదీసి పోద్దామంది. పక్కింటి పిన్నిగారు ఆముదం గిన్నెతో వచ్చారు. బడి నుంచి వచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దని నాయనమ్మకు అప్పజెప్పి స్టాఫ్ రూముకు పరుగెత్తాను.

టీచర్ ఏమైందని అడగలేదు. "ముందు ఏది పడిపోయింది? కాళ్ళా, రెక్కలా, మెడా?" అని అడిగారు. నాయనమ్మ తెల్లవారుజామున చూసినప్పుడు తల ఎత్తే ఉందని, లేవలేకపోయిందని చెప్పాను. అంటే ముందు కాళ్ళు. గుడ్డు అడ్డుపడితే తోక ఎగరేస్తూ ముక్కుతుంది, పొట్ట గట్టిగా తగులుతుంది, అలా ఉందా అన్నారు. లేదు. నోరు తెరిచి రొప్పుతోందా? లేదు. కొద్దిరోజులుగా చిక్కిపోయిందా, తిండి మానేసిందా? అదీ లేదు. విటమిన్ లోపమైతే ఎదిగే పిల్లల్లో నెమ్మదిగా కనిపిస్తుంది, నిన్న నడిచిన పెద్ద బాతు ఇవాళ ఇలా కూలిపోదు అన్నారు. ఒక్కొక్క కారణాన్నీ అలా పక్కన పెట్టుకుంటూ వచ్చి, చివరికి, "మీ ఇంట్లో నీళ్ళు ఎక్కడ నిలుస్తాయమ్మా?" అన్నారు.

ఒంటి వేడి మాట చెబితే బాతు శరీరం ఎప్పుడూ 41, 42 డిగ్రీల దగ్గరే ఉంటుందని, మన చేతికి అది జ్వరంలాగే తగులుతుందని, మాత్రలూ ఆముదమూ వద్దని వెంటనే ఇంటికి కబురు పంపారు.

మధ్యాహ్నం బెల్లు కాగానే ఆమే వచ్చారు, వెంట కమీషనర్, రేడియో. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని పెరడంతా కలియతిరిగి, బట్టలుతికే బండ వెనక గుంట దగ్గర ఆగారు. సబ్బునీళ్ళు, రాలిన ఆకులు కుళ్ళి నల్లటి బురదైన గుంట. అంచున ఆకుల కింద చచ్చిన పందికొక్కు, దాని నిండా లుకలుకలాడే పురుగులు. చామంతి రోజూ ముక్కు ముంచి కెలికేది అక్కడే.

బొటులిజం అనే మాట నేను మొదటిసారి విన్నది ఆ గుంట పక్కన. ఆ సూక్ష్మజీవి బీజాలు బురదలో ఎంతకాలమైనా పడి ఉంటాయి. ఎండలు ముదిరి, గాలి చొరని కుళ్ళిన మాంసం దొరికితే పెరిగి విషం చేస్తాయి. ఆ మాంసం తిన్న పురుగులకు ఏమీ కాదు, వాటిని తిన్న బాతు పడిపోతుంది. కండరం చచ్చిపోదు, నాడి నుంచి కండరానికి అందవలసిన ఆజ్ఞ అందదు, అందుకే తెలివి పోకుండా ఒళ్ళు మాత్రం చచ్చుబడింది అని టీచర్ వివరించారు. ఊపిరి తీసే కండరాల దాకా పాకితేనే ప్రాణాపాయం. ఒక బాతు నుంచి ఇంకొక బాతుకు అంటదు కానీ మల్లీ అదే గుంటలో తింటుంది కదా. అందుకని ముందు మల్లిని కట్టడి చేయించారు. కమీషనర్, రేడియో చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని ఆ కళేబరాన్ని పురుగులతో సహా ఎత్తి, లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చారు. గుంటలో నీళ్ళు తోడేసి మట్టి నింపారు. రేడియో ఒక్క మాట మాట్లాడకుండా పని చేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

హెడ్మాస్టరు గదిలోని ఫోను నుంచి టీచర్ రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో ఉన్న తమ బంధువుతో మాట్లాడారు. 1946 నుంచి ఉన్న కళాశాల అది. విషానికి విరుగుడు సీరం ఉంటుంది కానీ ఇంటి బాతుకు వేళకు దొరకదని, నీడ, మంచినీళ్ళు, మెడకు ఆసరా, ఓపిక ఇవే మందులని, రెండు రోజులు గడిస్తే ఆశ పెట్టుకోవచ్చని ఆయన చెప్పారట. మర్నాడు ఉదయం బుట్టలో పెట్టుకుని నారాయణగూడ పశువుల ఆసుపత్రికి కూడా తీసుకువెళ్ళాం. అక్కడి డాక్టరుగారు కాళ్ళు, కళ్ళు, గొంతు పరీక్షించి, చేస్తున్నదే చేయండి అన్నారు.

చేసిందేమిటో వివరంగా రాస్తాను, ఎందుకంటే ఆ వారమంతా అదే.

వరండాలో నీడ పట్టున గోనెపట్టా మడిచి, దాని మీద పాత చీర పరిచాం. మెడ వాలిపోతే ముక్కు గుడ్డలో కూరుకుపోతోంది. నాయనమ్మ లోపలికి వెళ్ళి బిందె కింద పెట్టే చుట్టకుదురు తెచ్చింది. చామంతి గొంతును ఆ కుదురు అంచు మీద ఆనిస్తే ముక్కు గాలిలో నిలిచింది, ఊపిరి సాఫీగా ఆడింది. టీచర్ చాలాసేపు ఆ కుదురునే చూసి, "ఇంతకన్నా మంచిది ఏ ఆసుపత్రిలోనూ ఉండదమ్మా" అని నాయనమ్మకు నమస్కారం పెట్టారు. అక్షరం రాని మా నాయనమ్మ చనిపోయేదాకా ఆ నమస్కారాన్ని తలుచుకునేది.

నీళ్ళ తొట్టి దూరంగా తీయించారు. మెడ నిలవని బాతు రెండంగుళాల నీళ్ళలోనైనా మునిగి చనిపోతుంది. తాగించడానికి ప్రయోగశాల నుంచి కొత్త డ్రాపరు ఇచ్చారు. ముక్కు తెరిచి లోపల పోయకూడదు. నాలుక మొదట్లోనే గాలిగొట్టం నోరు ఉంటుంది, పోసినదంతా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మెడను చేత్తో నిలబెట్టి, ముక్కు పక్క అంచున ఒక్క చుక్క వదలాలి. గొంతు మీద ఈకల కింద మింగిన కదలిక పైనుంచి కిందికి జారడం కంటితో చూడాలి. అప్పుడు రెండో చుక్క. కదలిక కనిపించకపోతే ఆపేయాలి. చిటికెడు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు గ్లాసెడు పట్టించడానికి పూట పట్టేది.

కళ్ళు ఎండిపోకుండా కాచి చల్లార్చిన నీళ్ళతో తడిపేవాళ్ళం. ఒకే పక్కన ఉంచితే రొమ్ము ఎముక దగ్గర ఒరుసుకుపోతుందని గంటల లెక్కన పక్క మార్చేవాళ్ళం. బాతు ఒంటరిగా ఉంటే బెంగపడుతుందని మల్లిని కంటికి కనిపించేంత దూరంలో బుట్ట కింద ఉంచాం.

నా బయాలజీ రికార్డు చివరి పేజీల్లో టీచర్ స్కేలు పెట్టి గళ్ళు గీశారు. సమయం, మెడ, కళ్ళు, ఊపిరి, రెట్ట, నీళ్ళు. మొదటిరోజు సాయంత్రం నేను ఒక గడిలో "బాగుంది" అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేశారు. "బాగుంది అన్నది నీ కోరిక. నువ్వు చూసింది రాయి." ఆ తరువాత అందరం చూసిందే రాశాం. రెట్ట ఆకుపచ్చగా ఉంది. ఎడమ రెప్ప సగం మూసుకుంది. ఊపిరికి తోక కదులుతోంది. బఠాణీ దస్తూరి, సీసా దస్తూరి, రాత్రి గళ్ళలో మా నాన్న దస్తూరి కూడా ఉన్నాయి.

స్టడీ అవర్ మా వరండాకు మారింది. నాడీ వ్యవస్థ పాఠం టీచర్ చామంతి పక్కన కూర్చునే మళ్ళీ చెప్పారు. మెదడు, వెన్నుపాము, నాడి, కండరం అన్నీ అక్కడే ఉన్నాయి, ఆజ్ఞ ఎక్కడ ఆగిందో అందరికీ కనిపిస్తోంది. పుస్తకం తెరిచినవాళ్ళు లేరు.

రెండు రోజులు గడిచాయి. మరో పూట గడిచింది. మల్లి బుట్ట కింద నుంచి గట్టిగా అరిచింది. చామంతి ముక్కు కుదురు అంచు నుంచి లేచింది, గాలిలో కాసేపు వణికింది, మళ్ళీ వాలింది. సీసా కేక వేయబోతే నేనే నోరు మూశాను. నా చేతులు వణుకుతున్నా గడిలో రాశాను: "సాయంత్రం 5.40. మెడ కుదురు నుంచి లేచింది, నిలవలేదు." టీచర్ వచ్చి చదివి, అన్ని గళ్ళకూ కలిపి ఆ ఒక్క గడి కింద సంతకం పెట్టారు.

ఆ రాత్రికి మెడ నిలిచింది. తరువాత రెక్కలు దగ్గరకు తీసుకుంది. కాళ్ళు అన్నింటికన్నా ఆలస్యం. మెడ గట్టిపడిందని రూఢి చేసుకున్నాకే వెడల్పు తొట్టిలో నీళ్ళు పోసి, పొట్ట కింద చేతులు పెట్టి తేల్చాం. వేళ్ళ మధ్య చర్మం విప్పుకుని కుడికాలు ఒక్కసారి వెనక్కి తన్నింది. నీళ్ళు నా మొహం మీద పడ్డాయి. ఆ వేసవి చివర్లో చామంతి మళ్ళీ గుడ్లు పెట్టింది.

ఇంటర్, నర్సింగు, పెళ్ళి, ఇద్దరు పిల్లలు ఇవన్నీ అందరికీ ఉన్నవే. నేను ఇప్పుడు నగరంలో ఒక పెద్ద ఆసుపత్రి ఇంటెన్సివ్ కేర్ విభాగంలో నర్సులందరికీ పెద్దను. కొత్తగా చేరిన అమ్మాయిలకు మొదటి వారం నేనే నేర్పుతాను. పక్షవాతం వచ్చిన మనిషికి మింగడం పరీక్షించకుండా చెంచాడు నీళ్ళు కూడా పట్టకూడదు. గంటల లెక్కన పక్క మార్చాలి. రెప్ప మూయలేని కంటిని తడిగా ఉంచాలి. చార్టులో "బాగున్నారు" అని రాసుకొస్తే ఎర్ర కలంతో కొట్టేస్తాను. మా విభాగంలో పడుకున్నవారికి వీపు పుండ్లు పడవని పేరుంది. ఆ పేరు నాకు చాలా ఇష్టం.

నర్సింగు చదివే రోజుల్లో గ్రంథాలయంలో వెతికి తెలుసుకున్నాను, బాతుల్ని పడగొట్టే బొటులిజం సూక్ష్మజీవి 'సి' (C) రకాన్ని 1922లో ఈగపురుగుల నుంచే వేరుచేసి చూపింది ఇడా బెంగ్ట్‌సన్ అనే అమెరికా శాస్త్రవేత్త. ఆ వాక్యం చదివి ఆ పూట ఇంకేమీ చదవలేకపోయాను. ఇదే కుటుంబానికి చెందిన 'ఎ' (A) రకం విషాన్ని అతి స్వల్ప మోతాదులో సూదితో ఇచ్చి, పక్షవాతంతో బిగుసుకుపోయిన చేతుల్ని సడలిస్తారు. ముడుచుకున్న పిడికిలి కొద్దిరోజుల్లో విచ్చుకోవడం నేను దగ్గరుండి చూశాను. మా అమ్మాయి రాజేంద్రనగర్‌లోనే పశువైద్యం చదువుతోంది. ఎవరూ చెప్పలేదు, దానంతట అదే కోరుకుంది. రికార్డు పుస్తకం ఇప్పుడు దాని బల్ల మీద ఉంది.

సభకు టీచర్‌ను తీసుకువచ్చే బాధ్యత నాకు వదలండి. మొన్న చిక్కడపల్లిలో వాళ్ళ ఇంటికి వెళ్ళి అడిగాను, తప్పకుండా వస్తానన్నారు. కమీషనర్ గుర్తుపెట్టుకోవలసినవి ఇవి. మెట్లున్న వేదిక వద్దు. మొదటి వరుసలో చేతులున్న కుర్చీ వేయించు. ఈ మధ్య ఆమెకు నీళ్ళు మింగడం కష్టంగా ఉంది, పొరపోతోంది. దండలు వేసి, ఫొటోలు దిగి, ప్రేమకొద్దీ ఎవరూ గ్లాసు నోటికి అందించకండి. చిక్కటి జావ నేను ఇంటి నుంచి తెస్తాను. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త దించమని చెప్పి, చెంచాతో నేనే పడతాను. ఆ అరగంట మాట్లాడించకుండా చూడండి. రేడియోకు ముందే చెప్పి ఉంచండి.